సమాధి రాయి మీద ఆర్.ఎఫ్.ఏ. అని ఉంటే: బ్రిటిష్ ఫిరంగి దళాల చరిత్ర వెదికే పద్ధతి

బ్రిటిష్ సైన్యంలో పదాతి పటాలం చరిత్ర వెదకడం తేలిక. దానికొక పేరుంటుంది, ఒక జెండా ఉంటుంది, జెండా మీద పోరాడిన యుద్ధాల పేర్లుంటాయి. ఫిరంగి దళం దగ్గరికి వచ్చేసరికి ఆ దారి మూసుకుపోతుంది. రాయల్ ఆర్టిలరీ అంతా కలిపి ఒకే రెజిమెంటు. 1716 మే 26న మొదటి జార్జి రాజు ఉత్తర్వుతో ఊల్విచ్‌లో రెండు కంపెనీలుగా, కంపెనీకి నూరుమంది చొప్పున పుట్టింది. 1943 నాటికి అదే ‘ఒక్క రెజిమెంటు’లో దాదాపు 7 లక్షల మంది ఉన్నారు. వీళ్ళకు జెండా లేదు, ఫిరంగులే జెండాలు. జెండా లేదు కాబట్టి దాని మీద రాసుకునే యుద్ధాల పేర్లూ లేవు. వాటి స్థానంలో లాటిన్‌లో ఒకే మాట ఉంది: యుబిక్వే, అంటే ‘అంతటా’.

అందుకని ‘ఫలానా నంబరు ఆర్టిలరీ రెజిమెంటు చరిత్ర’ అని వెదకడం మొదలుపెడితే సగం సార్లు వేరే వాళ్ళ చరిత్ర చేతికొస్తుంది. పట్టుకోవాల్సింది బ్యాటరీని. ఆరు, ఎనిమిది ఫిరంగులుండే ఆ చిన్న దళమే శతాబ్దాలుగా కొనసాగుతూ వచ్చింది. దాని పైనున్న రెజిమెంటు, బ్రిగేడ్ అనేవి పదేళ్ళకో ఇరవయ్యేళ్ళకో మారిపోయే గొడుగులు. ఇంకో సంగతి: ఈ దళాల్లో నంబరు ఒక్కటే ఉంటే దేనికీ పనికిరాదు. నంబరు పక్కన సంవత్సరం ఉండాలి.

ముందు చేతిలో ఉన్నదాన్ని సరిగ్గా చదవండి

మన దగ్గర ఈ వెదుకులాట ఎక్కువగా మొదలయ్యేది సమాధి రాయితో. సికింద్రాబాద్, తిరుమలగిరి కంటోన్మెంటులో బ్రిటిష్ ఫిరంగి దళాలు దశాబ్దాల పాటు మకాం ఉన్నాయి. రాయిని ఫొటో తీసేటప్పుడు పొద్దున ఎనిమిది లోపుగానీ సాయంత్రం ఎండ వాలాక గానీ వెళ్ళండి. పక్క నుంచి వెలుగు పడితే అరిగిన అక్షరం నీడ పట్టుకుంటుంది. మిట్టమధ్యాహ్నం ఎంత మంచి కెమెరా అయినా రాయి బోసిగానే వస్తుంది. ఎండ కుదరకపోతే ఒక అద్దంతో వెలుగును పక్క నుంచి మళ్ళించండి. మామూలు నీళ్ళు చల్లితే కూడా అక్షరాలు తేలతాయి. సుద్ద రుద్దడం, వైరు బ్రష్షు, యాసిడ్ మాత్రం వద్దు. అక్షరం ఈ ఏడు కనిపించి పైయేడు రాలిపోతుంది.

రాయి మీద పేరుకన్నా పొడి అక్షరాలు ముఖ్యం. ఆర్.హెచ్.ఏ. అంటే రాయల్ హార్స్ ఆర్టిలరీ, గుర్రపు దళాలతో పాటు పరిగెత్తే తేలిక ఫిరంగులు. ఇది 1793లో పుట్టింది, పేరు ఇప్పటికీ ఉంది. ఆర్.ఎఫ్.ఏ. అంటే రాయల్ ఫీల్డ్ ఆర్టిలరీ, పదాతి డివిజన్‌కు అండగా ఉండే మామూలు ఫిరంగులు. ఆర్.జి.ఏ. అంటే రాయల్ గ్యారిసన్ ఆర్టిలరీ. కోటలు, తీరాలు, కొండలు, పెద్ద ముట్టడి తోపులు వీళ్ళవి. ఈ చివరి రెండు పేర్లూ 1899లో విడివిడి శాఖలయ్యాయి, 1924లో మళ్ళీ ఒకటిగా కలిశాయి. అంటే ఆర్.ఎఫ్.ఏ., ఆర్.జి.ఏ. కనిపించిన రాయి మీద తేదీ చెరిగిపోయినా, ఆ పాతికేళ్ళ లోపలిదని చెప్పేయవచ్చు. ఒట్టి ఆర్.ఏ. అంటే 1899కి ముందుదైనా కావచ్చు, 1924 తర్వాతదైనా కావచ్చు. మద్రాస్ ఆర్టిలరీ అని ఉంటే అది ఈస్టిండియా కంపెనీ సైన్యం. 1861–62లో మద్రాసు, బెంగాల్, బొంబాయి ఫిరంగి దళాల్ని రాయల్ ఆర్టిలరీలో కలిపేశారు.

హోదాలో కూడా కాలం తెలుస్తుంది. గన్నర్ అంటే మామూలు సిపాయి. డ్రైవర్ అంటే ఫిరంగి బండి గుర్రాల మీద స్వారీ చేసేవాడు, మోటారు తోలేవాడు కాదు. మాట్రాస్ అంటే పద్దెనిమిదో శతాబ్దపు సహాయకుడు. రాయల్ ఆర్టిలరీలో ఆ హోదాను 1783లోనే తీసేశారు. బొంబార్డియర్ దగ్గర జాగ్రత్త. 1920 దాకా అది కార్పొరల్ కన్నా చిన్న హోదా. ఆ ఏడు ఆర్టిలరీలో కార్పొరల్ హోదా ఎత్తేశాక బొంబార్డియరే కార్పొరల్‌కు సమానమయ్యాడు. ఒకే మాట, 1915లో ఒక జీతం, 1935లో ఇంకో జీతం.

పతకమైతే అంచు చూడండి. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాల అంచున నంబరు, హోదా, పేరు, దళం అచ్చు గుద్ది ఉంటాయి. ఇక్కడొక ఉచ్చు ఉంది. 1914–15 నక్షత్రం వెనుక ఆర్.ఎఫ్.ఏ. అని ఉన్న మనిషికే, వార్ మెడల్, విక్టరీ మెడల్ మీద ఒట్టి ఆర్.ఏ. అని వస్తుంది. ఇద్దరు వేరు వేరు మనుషులని పొరబడి పతకాల జత విడదీసేవాళ్ళున్నారు. నంబరు ఒకటే అయితే మనిషి ఒకడే. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ తన సైనికులకిచ్చిన యుద్ధ పతకాల మీద అసలు పేరే చెక్కలేదు. పేరు లేని పతకంతో ‘ఇది ఫలానా గన్నర్‌ది’ అని ఎవరైనా అమ్మజూపితే, కాగితం లేకుండా నమ్మకండి.

టోపీ బిళ్ళ సంగతి. చక్రం ఉన్న ఫిరంగి, దాని మీద కిరీటం, యుబిక్వే అన్న పట్టీ. పాత బిళ్ళ మీద కిరీటం గుండ్రంగా గుమ్మటంలా ఉంటే 1902 నుంచి 1952 దాకా రాజుల కాలం, నడుమ నొక్కుకుపోయినట్టు ఉంటే ఆ తర్వాత ఎలిజబెత్ రాణి కాలం. యుబిక్వే ఉండాల్సిన చోట ఆకుల కొమ్మ ఉంటే అది పాత టెరిటోరియల్ దళం, అంటే సెలవు రోజుల్లో కవాతు నేర్చుకున్న ఊరి కుర్రాళ్ళ దళం. ‘సర్వత్ర’ అని కనిపిస్తే ఇక ఇంగ్లండు వెళ్ళక్కర్లేదు, అది స్వతంత్ర భారత సైన్యపు ఆర్టిలరీ. యుబిక్వేనే మనవాళ్ళు ‘సర్వత్ర’ చేసి, ఇజ్జత్-ఓ-ఇక్బాల్ చేర్చుకున్నారు.

బ్రిగేడ్ అన్న మాటతో తంటా

ఈ పనిలో అందరూ కనీసం ఒకసారి పడే గుంట ఇదే. 1938కి ముందు, లెఫ్టినెంట్ కల్నల్ కింద మూడు నాలుగు బ్యాటరీలున్న ఫిరంగి దళాన్ని ‘బ్రిగేడ్’ అనేవారు. 1938లో దాన్నే ‘రెజిమెంట్’ అన్నారు. పదాతిలో బ్రిగేడ్ అంటే నాలుగైదు వేల మంది. 1914 నాటి ఫీల్డ్ ఆర్టిలరీ బ్రిగేడ్ అంటే ఎనిమిది వందలకు కాస్త తక్కువ. కాబట్టి 1916 కాగితంలో బ్రిగేడ్ అని కనబడితే మనసులో రెజిమెంటు అనుకోండి. రెండో యుద్ధంలో మళ్ళీ విమాన విధ్వంసక బ్రిగేడ్‌లు వచ్చాయి. అవి నిజంగానే పెద్దవి, ఒక్కోదాని కింద కొన్ని రెజిమెంట్లు.

మొదటి యుద్ధపు కాగితాల్లో బ్యాటరీకి మామూలు అంకె, బ్రిగేడ్‌కు రోమన్ అంకె రాయడం ఆనవాయితీ. 1916 మే తర్వాత కొత్త దళాల్లోనూ టెరిటోరియల్ దళాల్లోనూ అక్షరం, గీత, అంకె కనిపిస్తాయి: సి/210. అంటే 210వ బ్రిగేడ్‌లో సి బ్యాటరీ. అదే బ్రిగేడ్‌ను యుద్ధ డైరీ, అంటే దళం రోజువారీగా రాసుకునే చిట్టా, రోమన్‌లో సి.సి.ఎక్స్. అని రాస్తుంది. ఎ, బి, సి బ్యాటరీల్లో 18 పౌండర్ ఫిరంగులు (18 పౌన్ల గుండు వేసేవి), డి బ్యాటరీలో సాధారణంగా 4.5 అంగుళాల హోవిట్జర్లు ఉండేవి. హోవిట్జర్ గుండును పైకెత్తి కందకంలో పడేట్టు వేస్తుంది. తాత డి బ్యాటరీలో ఉంటే ఆయన పని తీరే వేరన్నమాట.

ఒకే అంకె ఎన్ని దళాలకు ఉండేదో చూడండి. 5 ఫీల్డ్ బ్యాటరీ ఒకటి, 5 సీజ్ (ముట్టడి) బ్యాటరీ ఇంకొకటి, 5 మౌంటెన్ (కొండ) బ్యాటరీ మరొకటి. మూడింటికీ సంబంధం లేదు. సీజ్, హెవీ, మౌంటెన్, ఫీల్డ్, దేని వరస దానిదే. ఆ పైన 1947 ఏప్రిల్ 1న రెజిమెంట్ల అంకెలన్నీ మళ్ళీ సర్దారు. ఇవాళ్టి అంకెను పట్టుకుని 1944లోకి నేరుగా వెళ్ళకండి. మధ్యలో బ్యాటరీ పేరును వంతెనగా వాడండి.

బ్యాటరీని పట్టించే ఆనవాలు దాని బిరుదు. 1920ల నుంచి కొన్ని బ్యాటరీలకు పాత పోరాటాల పేర్లు అధికారికంగా ఇచ్చారు. నంబరు మారినా బిరుదు మారదు. 9 ప్లాసీ బ్యాటరీ అంటే 1757 నాటి బెంగాల్ ఫిరంగులకు వారసులు. ఎల్ నేరీ బ్యాటరీ అంటే 1914 సెప్టెంబరు 1న ఫ్రాన్స్‌లో నేరీ గ్రామం దగ్గర తెల్లవారుజామున పొగమంచులో చిక్కి పోరాడినవాళ్ళు. ఆ పొద్దు ఆ ఒక్క బ్యాటరీలో బ్రాడ్‌బరీ, డోరెల్, నెల్సన్ ముగ్గురికీ విక్టోరియా క్రాస్ వచ్చింది. అలాగే కె బ్యాటరీ బిరుదు హోండెగెమ్, 1940 మే పోరు; జె బ్యాటరీ బిరుదు సిదీ రెజెగ్, 1941 నవంబరు పోరు. వెదికేటప్పుడు అంకె కన్నా బిరుదు టైపు చేస్తే దారి త్వరగా దొరుకుతుంది.

ఒక బ్యాటరీని పట్టుకుని నడుద్దాం

రాయి మీదో ఉత్తరం మీదో ‘ఎన్ బ్యాటరీ, ఆర్.హెచ్.ఏ., 1914’ అని ఉందనుకోండి. ఎన్ బ్యాటరీ బిరుదు ఈగిల్ ట్రూప్. ఇది 1811లో బొంబాయి హార్స్ ఆర్టిలరీలో మొదటి ట్రూప్‌గా (గుర్రపు ఫిరంగుల్లో బ్యాటరీకి పాత పేరు) పుట్టింది. 1862లో రాయల్ ఆర్టిలరీలో కలిశాక కొన్ని పేర్లు మారి, 1889 సర్దుబాటులో ఎన్ అనే అక్షరం స్థిరపడింది. ఇంతవరకు బాగానే ఉంది. దీని పోరాటాల్లో ‘హైదరాబాద్, 1843’ కనబడగానే మనవాళ్ళ ప్రాణం లేచొస్తుంది. కానీ అది సింధులోని హైదరాబాద్. మార్చి 24న చార్లెస్ నేపియర్ సేన అక్కడ దుబ్బా దగ్గర పోరాడింది. చార్మినార్‌కు దానికీ ఏ సంబంధమూ లేదు. బ్రిటిష్ సైనిక కాగితాల్లో హైదరాబాద్ కనిపించిన ప్రతిసారీ పక్కన ‘సింధ్’ ఉందా ‘దక్కన్’ ఉందా చూసుకోవడం అలవాటు చేసుకోండి.

మన దక్కన్‌తో ఎన్ బ్యాటరీకి నిజమైన బంధం తర్వాత వచ్చింది. 1914 శరత్కాలంలో సికింద్రాబాద్ అశ్విక బ్రిగేడ్ ఫ్రాన్స్‌కు కదిలింది. 7వ డ్రగూన్ గార్డ్స్, 20వ దక్కన్ హార్స్, 34వ పూనా హార్స్, వాటి ఫిరంగులుగా ఎన్ బ్యాటరీ. ఈ బ్యాటరీ 1914 చివరి నుంచి ఎక్కడుందో తెలియాలంటే బ్యాటరీ పేరుతో కాక బ్రిగేడ్ పేరుతో, దాని పైనున్న ఇండియన్ కావల్రీ డివిజన్ పేరుతో వెదకాలి. దస్త్రాలు కట్టిందలా. 1916 జులై 14న సోమ్ యుద్ధంలో హై వుడ్ దగ్గర దక్కన్ హార్స్, డ్రగూన్ గార్డ్స్ గుర్రాల మీద దాడి చేసిన రోజు ఆ డైరీల్లో ఉంది.

ఏ కాగితం ఎక్కడ

లండన్ పక్కన క్యూలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో వార్ ఆఫీసు కాగితాలన్నీ డబ్ల్యూ.ఓ. అనే గుర్తుతో ఉంటాయి. కేటలాగు ఇంటి నుంచే చూడవచ్చు.

మొదటి ప్రపంచ యుద్ధపు డైరీలు డబ్ల్యూ.ఓ. 95. విడి బ్యాటరీకి డైరీ దొరకడం అరుదు, ఫిరంగి బ్రిగేడ్ డైరీ తెరవండి. అందులో రోజుకు ఒక్క ముక్క, ‘మామూలుగా కాల్పులు’ అని రాసి వదిలేసిన గుమాస్తా తగిలితే, ఒక మెట్టు పైకెక్కి డివిజన్ ఫిరంగులన్నిటి మీదా ఉండే సి.ఆర్.ఏ. డైరీ చూడండి. అదీ చప్పగా ఉంటే ముందు కందకంలోని పదాతి పటాలం డైరీ తీయండి. మన ఫిరంగులు పొరపాటున తమ మీదే గుళ్ళు వేస్తే వాళ్ళు ఊరుకోరు, గంటా నిమిషంతో సహా రాస్తారు.

మనిషి కాగితాలు వేరే. సిపాయిల పతకాల కార్డులు డబ్ల్యూ.ఓ. 372, వాటి చిట్టాలు 329. సర్వీసు పత్రాలు 363, పింఛను వాళ్ళవి 364. 363లో మీ మనిషి లేకపోతే నిరాశపడకండి. 1940 సెప్టెంబరులో జర్మన్ బాంబులకు ఆ గిడ్డంగి కాలింది, అరవై శాతం దాకా బూడిదయ్యాయి. మిగిలినవాటి అంచులూ మాడిపోయి ఉంటాయి. ఆర్టిలరీ వాళ్ళకు ఒక చిన్న లాభం ఉంది: డబ్ల్యూ.ఓ. 69లో 1756 నుంచి 1917 దాకా కొన్ని దళాల సేవా పుస్తకాలు విడిగా ఉన్నాయి. అవి మంటల్లో పడలేదు.

సైనికుడి నంబరే ఒక కథ చెబుతుంది. ముందు ఎల్ అక్షరం, గీత ఉంటే ఊరివాళ్ళు చందాలేసి నిలబెట్టిన స్థానిక బ్యాటరీలో చేరినవాడు. ఆరంకెల నంబరు ఉంటే 1917 మొదట్లో కొత్త నంబర్లు పొందిన టెరిటోరియల్ మనిషి కావచ్చు. పాత నాలుగంకెల నంబరుతో కూడా వెదకండి. 1920 తర్వాత సైన్యమంతటికీ ఒకే వరస వచ్చింది, అందులో 721001 నుంచి 1842000 దాకా ఆర్టిలరీకి కేటాయించారు. రెండో యుద్ధంలో చేరిన వాళ్ళకు ఇవి చాలక వేరే వరసలు కూడా ఇచ్చారు. కాబట్టి నంబరు ఆ హద్దుల్లో ఉంటే ఆర్టిలరీలో మొదలుపెట్టాడని అనుకోవచ్చు గానీ, లేనంత మాత్రాన కాదనలేం.

రెండో ప్రపంచ యుద్ధపు డైరీలను రంగాన్ని బట్టి విడదీశారు. ఇంగ్లండులో ఉన్న దళాలు డబ్ల్యూ.ఓ. 166, ఎడారి యుద్ధం 169, ఇటలీ 170, నార్మండీ నుంచి జర్మనీ దాకా 171, బర్మా వైపు 172. ఒకే రెజిమెంటు మూడు రంగాలు తిరిగితే మూడు సిరీసుల్లో ఉంటుంది. ఏడాదికో ఫైలు. సర్వీసు పత్రాలు 2022 నుంచి రక్షణ శాఖ దగ్గర నుంచి క్యూకి తరలుతున్నాయి. అడిగేటప్పుడు ఆయన చనిపోయినట్టు రుజువు జత చేస్తే పని త్వరగా అవుతుంది.

యుద్ధం లేని రోజులకు డైరీలుండవు. తిరుమలగిరి రాళ్ళలో చాలామంది కలరాతో, టైఫాయిడ్‌తో పోయినవాళ్ళు. అలాంటి వాళ్ళకు నెలవారీ లెక్కలే దిక్కు. డబ్ల్యూ.ఓ. 17లో 1865 దాకా, 73లో 1859 నుంచి ఏ దళం ఏ ఊర్లో ఉందో నెల నెలా రాసి ఉంది. జీతాల చిట్టాలు డబ్ల్యూ.ఓ. 10, ఇవి 1878 దాకా. పింఛను తీసుకుని ఇంటికెళ్ళినవాడైతే డబ్ల్యూ.ఓ. 97. కొలువులో ఉండగా చచ్చిపోయినవాడు అందులో దొరకడు, అక్కడ గంటలు వృథా చేయకండి. 1911 జనాభా లెక్కల్లో మాత్రం ఇండియాలోని బ్రిటిష్ సైనికుల్నీ పేరుపేరునా రాసుకున్నారు. ఆ ఏప్రిల్లో సికింద్రాబాద్ బారకుల్లో ఎవరెవరున్నారో చూడవచ్చు.

ఇంకో చోటు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డులు. చర్చి పుట్టుక, పెళ్ళి, ఖననం చిట్టాలు ఎన్ 1 బెంగాల్, ఎన్ 2 మద్రాసు, ఎన్ 3 బొంబాయి. సికింద్రాబాద్ నిజాం రాజ్యంలో ఉన్నా దాని పాదిరీలు మద్రాసు కింద ఉండేవారు, కాబట్టి ఎన్ 2. మద్రాసు సైన్యపు కాగితాలు ఎల్/మిల్/11. వెదికేటప్పుడు మన ఉచ్చారణ మరిచిపోండి: తిరుమలగిరి అక్కడ ట్రిముల్‌ఘెర్రీ, బందరు మసూలిపటామ్, చందుర్తి కాండోర్.

1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 లోపు చనిపోతే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ జాబితాలో పేరుంటుంది. అయితే సికింద్రాబాద్‌లో పాతిన మనిషి పేరు చెన్నైలోని మద్రాస్ 1914–1918 స్మారకం మీద కనిపించవచ్చు. కంటోన్మెంటు శ్మశానాల్లో కాపాడలేని సమాధుల పేర్లను అక్కడికి చేర్చారు. రెండు సమాధులున్నాయని కంగారు పడొద్దు.

డైరీ దొరికాక, అందులో ఏముందో

డైరీ సి.2118 అనే సైనిక ఫారం మీద ఉంటుంది. చోటు, తేదీ, గంట, సంగతులు. చోటు దగ్గర ఊరి పేరు కాక ‘28.ఎన్.24.సి.5.5’ లాంటిది ఉంటే ఇలా విప్పండి. 28 అనేది పటం షీటు. ఎన్ అనేది దానిలో ఒక పెద్ద గడి, ఆరు వేల గజాల వెడల్పు. 24 అనేది ఆ గడిలో వెయ్యి గజాల చిన్న గడి. దాన్ని నాలుగు ముక్కలు చేస్తే పైన ఎడమ ఎ, పైన కుడి బి, కింద ఎడమ సి, కింద కుడి డి. ఒక్కో ముక్క 500 గజాలు. చివరి రెండంకెలు ఆ ముక్కను పదేసి భాగాలు చేసి, మొదటిది తూర్పుకు, రెండోది ఉత్తరానికి. 5.5 అంటే నట్టనడుమ. గురి యాభై గజాల లోపు వచ్చేస్తుంది. తూర్పు, ఉత్తరం తారుమారు చేస్తే బ్యాటరీ చెరువులో తేలుతుంది. షీటు అంకె మరిచిపోతే ఇంకో జిల్లాలో తేలుతుంది.

పొడి మాటలు కొన్ని తెలిస్తే చాలు. ఓ.పి. అంటే గుట్ట మీదో చర్చి గోపురంలోనో కూచుని గుండు ఎక్కడ పడిందో చూసే చోటు. ఎఫ్.ఓ.ఓ. అంటే పదాతితో పాటు ముందుకెళ్ళి, తంతి తీగ మీదో వైర్‌లెస్ మీదో ఫిరంగులకు దిద్దుబాటు చెప్పే అధికారి. డబ్ల్యూ.ఎల్. అంటే వెనక గుర్రాలు, బండ్లు ఉండే చోటు. డి.ఏ.సి. డివిజన్ మందుగుండు బండ్ల వరస. ఎస్.ఓ.ఎస్. గీతలంటే శత్రువు దాడికొస్తే ఇంకో మాట అడక్కుండా గుళ్ళు కురిపించాల్సిన ముందే లెక్కకట్టిన చోట్లు. రాత్రిళ్ళు ఫిరంగులను ఆ గురి మీదే పెట్టి ఉంచేవారు.

ఫిరంగి దళం చేసే పని ఏమిటో ఇక్కడే అర్థమవుతుంది. గన్నర్ తను ఎవర్ని కాలుస్తున్నాడో చూడడు. 1914లో 18 పౌండర్ 6,525 గజాలు విసిరేది. 1940ల 25 పౌండర్ గరిష్ఠంగా 13,400 గజాలు, అంటే పన్నెండు కిలోమీటర్లకు పైన. చూసేది ముందున్న అధికారి. అందుకే బ్యాటరీకి పెద్ద అయిన మేజర్ ఫిరంగుల దగ్గర ఉండడు, తను సాయం చేస్తున్న పదాతి లేదా టాంకుల కమాండర్ పక్కన ఉంటాడు. రెండో యుద్ధంలో స్థిరపడిన ఈ అలవాటు ఇప్పటికీ ఉంది. డైరీలో బ్యాటరీ కమాండర్ చనిపోయిన చోటు, ఫిరంగులున్న చోటు ఐదారు మైళ్ళ తేడా ఉంటే అది తప్పు రాత కాదు.

అంకెలు బేరీజు వేసుకోండి. 1914లో ఫీల్డ్ బ్యాటరీకి ఆరు ఫిరంగులు, సుమారు రెండు వందల మంది. ఫిరంగిని ఆరు గుర్రాలు లాగేవి. ముగ్గురు డ్రైవర్లు ఎడమవైపు గుర్రాల మీద కూచునేవారు. బ్యాటరీ వెంట తుపాకికి 176 గుళ్ళు ఉండేవి: ఫిరంగి ముందు బండిలో 24, రెండు మందుగుండు బండ్లలో డెబ్భై ఆరేసి. ఒక ఉదయం పోరులో 176 అయిపోవడం కష్టం కాదు. ‘మందుగుండు కోసం ఎదురుచూస్తున్నాం’ అన్న వాక్యం ఎందుకంత తరచుగా వస్తుందో ఈ లెక్కతో తెలుస్తుంది. డివిజన్ మొత్తానికి 54 పద్దెనిమిది పౌండర్లు, 18 హోవిట్జర్లు, 4 అరవై పౌండర్లు, వెరసి 76.

డంకర్క్ తర్వాత ఫీల్డ్ రెజిమెంటు మూడు బ్యాటరీలయ్యింది. బ్యాటరీకి ఎనిమిది, మొత్తం 24 ఫిరంగులు. మీడియం రెజిమెంటుకు 16. టాంకు విధ్వంసక రెజిమెంటుకు 48. తేలిక విమాన విధ్వంసక రెజిమెంటుకు 54 బోఫోర్స్ దాకా. ఆ డైరీల్లో మైక్ టార్గెట్ అని వస్తే రెజిమెంటులోని 24 ఫిరంగులూ ఒకే చోట కాల్చాయని. అంకుల్ అంటే డివిజన్‌లోని 72. విక్టర్ అంటే కోర్ (కొన్ని డివిజన్లు కలిసింది) మొత్తం. పక్కన ‘స్కేల్ 5’ అంటే ఫిరంగికి ఐదు గుళ్ళు. మైక్, స్కేల్ 5 అంటే 120 గుళ్ళు, గుండు 25 పౌన్లు కాబట్టి 3,000 పౌన్ల ఇనుము, అదీ ఒకటి రెండు నిమిషాల్లో.

ఫిరంగి పోతే డైరీ దాన్ని మనిషి పోయినంత వివరంగా రాస్తుంది. జెండా అదే కదా. 1899 డిసెంబరు 15న దక్షిణాఫ్రికాలో కొలెన్సో దగ్గర 14, 66 బ్యాటరీలు మరీ ముందుకెళ్ళి, ఉన్న పన్నెండులో పది ఫిరంగులు పోగొట్టుకున్నాయి. వాటిని తిరిగి లాగబోయి ఎంతమంది పోయారో చూస్తే, ఒక తుపాకి కోసం అంత రాద్ధాంతమేమిటని అనిపించదు. ఇవాళ్టి దళాల్లో 105 మిల్లీమీటర్ల లైట్ గన్ 17 కిలోమీటర్లకు పైగా కొడుతుంది. ఏఎస్90 తుపాకులను 2023లో ఉక్రెయిన్‌కు ఇచ్చి, స్వీడన్ నుంచి 14 ఆర్చర్ ఫిరంగులు తెచ్చుకున్నారు. దళాల ఇల్లు ఇప్పుడు సాలిస్బరీ మైదానంలోని లార్క్‌హిల్. పాత పుస్తకం చూసి ఊల్విచ్ మ్యూజియానికి బయల్దేరకండి, అది 2016లోనే మూతపడింది.

మన వైపు దారులు

గోదావరి జిల్లాలో చందుర్తి యుద్ధం, 1758 డిసెంబరు. ఆ మరుసటేడు బందరు కోట. ఈ రెంటిలో కంపెనీ ఫిరంగుల గురించి వెదికేవాళ్ళు సహజంగా మద్రాసు కాగితాలు తెరుస్తారు. అక్కడ పెద్దగా దొరకదు. కల్నల్ ఫోర్డ్‌ను పంపింది బెంగాల్ నుంచి క్లైవ్. సేన, తోపులు ఆ వైపువే. బెంగాల్ సిరీసులు తెరవండి. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీ కూడా బ్రిటిషు వాళ్ళ లెక్కలో ఉండదు. అది నిజాం కొలువులోని ఫ్రెంచి రేమాండ్ పోత పోయించిన తోపుల చోటు.

తెలుగు మనిషి బ్రిటిష్ కాలంలో ఫిరంగి దళంలో పనిచేశాడని ఇంట్లో చెప్పుకుంటుంటే ముందు ఏ ఏడో తేల్చండి. కంపెనీ మద్రాసు ఆర్టిలరీలో మనవాళ్ళు గోలందాజులుగా (తోపులు కాల్చేవాళ్ళు), లాస్కర్లుగా (తోపుల దగ్గరి సహాయకులు) ఉన్నారు. 1857 తర్వాత కొండ ఫిరంగులు తప్ప మిగతా తోపులను భారతీయుల చేతికి ఇవ్వడం దాదాపు ఆపేశారు. మళ్ళీ భారతీయులతో మొదటి ఫీల్డ్ బ్రిగేడ్ 1935 జనవరిలో బెంగళూరులో మొదలైంది. కాబట్టి 1900లో ‘తాత గన్నర్’ అన్న మాట వింటే ఆయన తోలుకెళ్ళేవాడో, గుర్రపు సాయీసో, కొండ బ్యాటరీ మనిషో కావచ్చు. 1935 తర్వాతి భారతీయ గన్నర్ల సర్వీసు పత్రాల కోసం క్యూకి రాయకండి, నాసిక్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్‌కు రాయాలి. సైనిక నంబరు, చేరిన ఏడు, ఊరు, తండ్రి పేరు నాలుగూ ఇవ్వండి. ఒట్టి పేరుతో రాస్తే జవాబు రాదు, ఎందుకంటే ఒకే పేరున్నవాళ్ళు ఆ చిట్టాల్లో డజన్ల కొద్దీ ఉంటారు.

దొరికింది రాసుకునేటప్పుడు ఒకే వరసలో రాయండి: బ్యాటరీ, దాని బిరుదు, ఆ ఏడు దాని పై దళం, ఊరు, కాగితం సిరీసు, ఫైలు అంకె. ఉదాహరణకు ‘ఎన్ బ్యాటరీ ఆర్.హెచ్.ఏ., ఈగిల్ ట్రూప్, సికింద్రాబాద్ కావల్రీ బ్రిగేడ్, 1914, డబ్ల్యూ.ఓ. 95’. ఫైలు అంకె అప్పటికప్పుడే రాసుకోండి. అది లేకపోతే ఆర్నెల్ల తర్వాత అదే పేజీ కోసం మళ్ళీ మొదటి నుంచి వెదకాల్సి వస్తుంది.